రెండు వేళ్ళ బరువు

రోజూ పొద్దున్నే, డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు ఇంకా ఎవరూ రాకముందే, మాస్టారు బండిని గోదాముల వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి మూడు చుట్లు తిప్పుకొచ్చేవాడు. బయల్దేరేముందు స్టీరింగ్‌ని తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచేవాడు. గుడ్డకు చెమట పోతుంది, జిడ్డు పోతుంది. పట్టు పోదు. పట్టు పోవాలంటే నడపాల్సిందే.

ముందురోజు నేర్చుకున్నవాళ్ళ చేతులన్నీ అందులోనే ఉండేవి మరి. బ్యాంకు గుమాస్తాది పిడికిలి. జారే మెట్లు దిగుతూ కమ్మీ పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. టైలరమ్మది వేరు. కుట్టుమిషను చక్రాన్ని తాకినట్టు అలా తాకి వదిలేసేది. ఆవిడ ఇంటికెళ్ళి పడుకున్నాక కూడా మలుపుల దగ్గర ఆ చెయ్యి బండిని కాస్త ముందుకే తోస్తూ ఉండేది. మొదటి చుట్టులో భయాలు పోయేవి, రెండో చుట్టులో తొందరలు పోయేవి. మూడోది పూర్తయ్యేసరికి స్టీరింగ్ కడిగిన పలకలా ఉండేది.

ఆ ఊళ్ళో ఎవరికీ ఇది వింత కాదు. పాత బండి కొనేవాళ్ళు ఇంజను చూడకముందే స్టీరింగ్ పట్టుకుని కళ్ళు మూసుకునేవాళ్ళు. “ఇదివరకు ఎవరు వాడారండీ? నెమ్మదస్తుడిలా ఉన్నాడే” అని మాట కలిపేవాళ్ళు. కోపిష్టి వాడిన బండి షెడ్డులో పడి ఉండాల్సిందే, ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

అన్నీ తెలిసిన మాస్టారు ఒక్క సంగతి మరిచిపోయాడు. ఎవరింటి వాసన వాళ్ళకు తెలియదంటారు. పొద్దున్నే ఆ మూడు చుట్లూ తిప్పేది తనే కాబట్టి, తన పట్టు మాత్రం అందులోంచి ఎన్నడూ పోలేదు.

ఊరు ఆయనకు పెట్టిన పేరు రెండువేళ్ళ మాస్టారు. పక్కసీట్లో కూర్చుని చూపుడువేలూ మధ్యవేలూ స్టీరింగ్ అంచుకు ఆనించి ఉంచేవాడు, ఉన్నాయో లేవో తెలియనంత తేలిగ్గా. సరిగ్గా పదోరోజున ఆ వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. “ఇవాళ మాస్టారు వేళ్ళు తీసేశారు” అని నేర్చుకునేవాళ్ళు ఇంటికెళ్ళి చెప్పుకునేవాళ్ళు, పరీక్ష పాసైనంత గొప్పగా.

సొంత కూతురి దగ్గర మాత్రం నలభైరోజులైనా తియ్యలేదు.

కూతురు ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్లో పనిచేసేది. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి వచ్చేవాళ్ళను నాలుగేళ్ళుగా చూస్తోంది. రెండు బస్సులు మారి, వాచిన కాళ్ళతో, ఆలస్యమైందని భయపడుతూ వచ్చేవాళ్ళు. వాళ్ళను ఇంటి దగ్గర ఎక్కించుకుని తీసుకురావడానికి ఆసుపత్రి ఒక వ్యాను కొన్నది. “నేను నడుపుతాను” అని అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఈ పిల్లే. నెలాఖరులోగా లైసెన్సు తెస్తే ఆ పని నీదే అన్నారు. అప్పటికే ఒకసారి పరీక్ష తప్పింది. మూడుసార్లు తప్పితే ఆరునెలలదాకా మళ్ళీ రానివ్వరు. పైగా ఏ బండి మీద నేర్చుకున్నారో ఆ బండి మీదే పరీక్ష ఇవ్వాలి.

రెండోసారి కూడా తప్పి ఇంటికొచ్చిన రోజు, కాగితం తండ్రి ముందు పెట్టి నిలబడింది. పరీక్ష చేసే ఆవిడ పొందికైన అక్షరాలతో రెండే ముక్కలు రాసింది: ‘బండిలో ఇద్దరు నడుపుతున్నారు. ఒకరు దిగాలి.’

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. “ఎవరిదో నిన్నటి చెయ్యి మిగిలి ఉంటుంది. రేపు ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిప్పుతాలే.”

“నాన్నా, నేను తిప్పబోయేలోపే అది తిరుగుతోంది. తిప్పాల్సిన చోట తిరగనంటోంది. పిల్లి తన కూనను నోట కరుచుకున్నట్టు ఉంటుంది ఆ పట్టు. అది గుమాస్తాగారిదంటావా?”

గోడకు చేరబడి బట్టలు మడతపెడుతున్న భార్య తలెత్తకుండానే అంది, “గుమాస్తాగారికి దీని మీద అంత ప్రేమ ఎందుకుంటుందే?”

మాస్టారు ఆ మాట చెవిన వేసుకోకుండా బండి తాళాలు తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. మెకానిక్ బండి కిందికి దూరాడు. చక్రాలు చూశాడు, రాడ్లు చూశాడు. చివరికి చేతులు తుడుచుకుని స్టీరింగ్ పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు చప్పున వదిలేశాడు.

“బండికేం లేదు మాస్టారూ. ఇందులో ఉన్నది నా పానాకు అందేది కాదు. మీకు నా మీద కోపం రాదంటే ఒక మాట చెప్తాను.”

“చెప్పకు” అన్నాడు మాస్టారు.

ఏం చెప్తాడో తెలుసు. ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే అది. సొంత పట్టు పోవాలంటే పట్టినవాడు అదే బండిలో వెనక కూర్చోవాలి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేరేవాళ్ళు నడుపుతుంటే ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే మాస్టారుకు చేతకాదు.

పదకొండేళ్ళ కిందట ఇదే బండిని ఆయన భార్య నడుపుతోంది. పన్నెండేళ్ళ కూతురు వెనక సీట్లో ఉంది. మాస్టారు పక్కన కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏదో కబురు చెబుతున్నాడు. సందులోంచి ఒక సైకిలు అడ్డం వచ్చింది. ఆవిడ స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పింది. బండి దీపస్తంభానికి గుద్దుకుంది. సైకిలుకు ఏమీ కాలేదు. ఆవిడ మోకాలు చితికింది, కూతురి నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి వరండాలో కూర్చుని మాస్టారు తన చేతుల్నే చూసుకున్నాడు. కంగారులో తిప్పేసింది, రెండు వేళ్ళు అడ్డం పెట్టి ఉంటే ఆగేది కదా, అనుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఆయన వేళ్ళు స్టీరింగ్ మీదికి చేరాయి. ఆవిడ మళ్ళీ ఆ సీట్లో కూర్చోలేదు. ఎవరైనా అడిగితే మోకాలు చూపించేది.

బుధవారం పరీక్ష అనగా ఆదివారం పొద్దున ఆవిడ చెప్పులేసుకుని బండి దగ్గర నిలబడింది. “ఏవండీ, వెనక ఎక్కండి.”

“నువ్వెందుకు?”

“మీ వేళ్ళకు కాపలా.”

కూతురు అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది. తల్లి కాలు జాపుకునేలా పక్కసీటు వెనక్కి జరిపి ఎక్కింది. మాస్టారు వెనక కూర్చున్నాడు. ఆ బండి కొన్నాక వెనక కూర్చోవడం అదే మొదలు. అక్కడి నుంచి రోడ్డు ఎంత తక్కువగా కనిపిస్తుందో ఆయనకు అంతవరకూ తెలియదు.

“కళ్ళు మూసుకున్నావా నాన్నా?”

“ఆఁ.”

బండి కదిలింది. గోదాముల మలుపు, తర్వాత పాడుబడిన తూకపు గది, ఆపైన గుంటల రోడ్డు. చూడకుండానే ఆయనకు అంతా తెలుస్తోంది. కూతురు చక్రం తిప్పిన ప్రతిసారీ ఆ రెండు వేళ్ళూ ఆయన ఒళ్ళోనే లాక్కున్నాయి. గుంట దగ్గర ఉండబట్టలేక ఒక కన్ను తెరిచాడు. వెంటనే బండి తనంతట తనే రోడ్డు మధ్యకు జరిగింది.

“నాన్నా, కళ్ళు తెరిచావు.”

“అద్దంలో చూశావా?”

“చూడలేదు. స్టీరింగ్ చెప్పింది.”

“ఆ గుంట లోతుగా ఉంటుందమ్మా.”

“నలభైరోజులుగా నాకూ తెలుసు ఆ గుంట” అంది కూతురు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “నాన్నా, ఆ వ్యానులో ఆరుగురు కూర్చుంటారు. అందరూ నీరసంగా, కళ్ళు మూసుకుని, నన్ను నమ్ముకుని కూర్చుంటారు. కన్నతండ్రివి నువ్వే నమ్మకపోతే వాళ్ళకు నేనేం చెప్పను?”

మాస్టారు ఈసారి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

రెండో చుట్టు సగంలో ఆయన చూపుడువేలు చల్లబడింది. తర్వాత మధ్యవేలు. తిమ్మిరి అనుకున్నాడు గానీ కాదు. ఏదో తిరిగి వచ్చి వేళ్ళలో చేరుతోంది, నూలుదారం ఉండకు చుట్టుకున్నట్టు పొరలు పొరలుగా. వేళ్ళు బరువెక్కాయి.

“తేలికవుతోంది” అంది కూతురు మెల్లగా. ఇంకో మలుపు తిరిగాక మళ్ళీ అంది, “అమ్మా, నాన్న పట్టు కింద అణిగి ఇంకో చెయ్యి ఉంది.”

తల్లి వంగి, స్టీరింగ్ అంచు మీద అరచెయ్యి ఆనించింది. కొద్దిసేపు అలాగే ఉంచింది, చాన్నాళ్ళకు కనిపించిన మనిషి భుజం మీద వేసినట్టు.

“నాదే” అంది.

“ఎంత హాయిగా ఉందమ్మా! గాలిలో పోతున్నట్టు ఉంది. ఆగు...” కూతురు బండి వేగం తగ్గించింది. “ఇక్కడ ఒక తిప్పు ఉంది. గబుక్కున తిప్పింది. ఇది ఆ రోజుదా?”

“ఆ రోజుదే.”

కూతురు బండి ఆపేసింది. కళ్ళు మూసుకుని ఆ తిప్పును మళ్ళీ చేతుల్లోకి రానిచ్చింది. ఖాళీ స్థలంలో గాలికి ఒక రేకుముక్క కొట్టుకుంటోంది.

“నాన్నా, ఇది కంగారు తిప్పు కాదు. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో తెలిసిన చెయ్యి ఇది. అదరలేదు.”

“ఎందుకదురుతుంది?” అంది తల్లి. కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడింది. “సైకిలు వెనక సీటు మీద ఒక పసిపిల్ల ఉంది. మీ నాన్నకు కనిపించలేదు, నా వైపు చూస్తూ కబుర్లు చెబుతున్నారుగా. నాకు పిల్లా కనిపించింది, స్తంభమూ కనిపించింది. రెండూ చూసే తిప్పాను.”

“వెనక నేనున్నానని గుర్తుందా?”

“గుర్తుండబట్టే నా వైపు తగిలేటట్టు తిప్పాను.”

మాస్టారు కళ్ళు మూసుకునే ఉన్నాడు. తెరవమన్నా తెరిచేట్టు లేడు. అలాగే అడిగాడు, “ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడిగితేగా? మోకాలెలా ఉందని రోజూ అడిగారు. మందు రాశావా అని అడిగారు. ఎందుకు తిప్పావని ఒక్కనాడైనా అడిగారా? మీ లెక్కలో నేను కంగారుపడ్డాను, అంతే. ఆ సీట్లో కూర్చుంటే మీరు రోడ్డు చూడరు, నా చేతులు చూస్తారు. అది నాకు పడలేదు. మోకాలికేముంది, రెండేళ్ళకే మడతపడింది.”

వేళ్ళు ఆ రోజు అక్కడ ఉండి ఉంటే, అనుకున్నాడు మాస్టారు. ఉండి ఉంటే బండిని తిన్నగా పట్టుకునేవి. తిన్నగా. ఆ ఆలోచన చివరిదాకా వెళ్ళే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఎదురుగా ఇప్పుడే ఎవరో పసిపిల్ల రోడ్డు దాటుతున్నట్టు ఊపిరి బిగబట్టాడు.

“పోనియ్యమ్మా” అన్నాడు కూతురితో. “మూడో చుట్టు మిగిలింది.”

ఆ చుట్టులో ఆయన కళ్ళు తెరవలేదు. గుంట వచ్చింది, పోయింది. ఎప్పుడొచ్చిందో ఆయనకు తెలియలేదు.

బుధవారంనాడు పరీక్ష చేసే ఆవిడ బండెక్కేముందు స్టీరింగ్ ఒకసారి తాకి చూసింది. మాస్టారు వైపు ఒక చూపు చూసింది. మాస్టారూ భార్యా కంచె బయట నిలబడ్డారు. బండి వాలుమీదికి ఎక్కి ఆగింది, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలింది. ఇరుకు మలుపు దగ్గర మాస్టారు అలవాటుకొద్దీ చెయ్యెత్తబోయాడు. ఆ రెండు వేళ్ళూ లేవలేదు. నీళ్ళు నింపిన సంచుల్లా కిందికి వేలాడుతున్నాయి. ఆయన చూస్తూ ఊరుకున్నాడు. బండి మలుపు తిరిగింది.

కూతురు కాగితం ఊపుకుంటూ వచ్చింది. అవే పొందికైన అక్షరాలు: ‘ఒక్కరే నడిపారు.’

“నాన్నా, కాగితం పట్టుకుని ఇటునుంచి ఇటే ఆసుపత్రికి వెళ్తున్నా. మధ్యాహ్నమే వ్యాను చూపిస్తామన్నారు. కొత్తదట, అందులో ఎవరి చెయ్యీ లేదట.”

“జాగ్రత్...” అన్నాడు మాస్టారు. సగంలో ఆపి, “వెళ్ళిరా” అన్నాడు.

ఆ పిల్ల పరుగున బస్సెక్కింది. మాస్టారు జేబులోంచి బండి తాళం తీయబోతే అది వేళ్ళ మధ్య నిలవలేదు, జారి కిందపడింది. భార్య వంగి తీసింది. మోకాలు చక్కగానే మడతపడింది.

ఇద్దరూ ఆ తాళం వైపు చూశారు.

“నాకీ చేతులతో ఇవాళ కుదిరేట్టు లేదు” అన్నాడాయన.

ఆవిడ వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దం తనకు తగ్గట్టు వంచుకుంది. ఆయన పక్కన కూర్చుని తలుపేసుకున్నాడు.

“చేతులెక్కడ?” అంది, రోడ్డు వైపే చూస్తూ.

“ఒళ్ళో.”

“కళ్ళు?”

“రోడ్డు మీద.”

బండి కదిలింది. సందుల దగ్గర ఆవిడ కాస్త నెమ్మదించింది. ఒకచోట సైకిలు మీద ఎవరో ఆడపిల్ల అడ్డం వచ్చింది. ఆవిడ చక్రాన్ని కొద్దిగా తిప్పి, మళ్ళీ తన దారికి వదిలింది. మాస్టారు ఆ పిల్ల కనుమరుగయ్యేదాకా తల తిప్పి చూశాడు. పన్నెండు, పదమూడేళ్ళుంటాయి.