పోటుగదికి ఒక కుప్ప

నూకాలు ఎవరి మాటనూ మొదటిసారే నమ్మదు. ముప్పై ఏళ్ల ఎండుచేపల వ్యాపారం నేర్పిన బుద్ధి అది. గోనె మీద పరిచిన చేప వేరు, అడుగున పడి ఉన్న చేప వేరు. మోచేతిదాకా చెయ్యి దూర్చి చూసుకున్నవాడిదే సరుకు. అందుకే యారాడ పోటుగదిని వేలం వేస్తున్నారని రత్నరాజు మాస్టారు వచ్చి చెప్పినప్పుడు, ఆమె అయ్యో అనలేదు. "ఎవులు కొంతారంట?" అని అడిగింది.

పోటుగది కొండ దిగువన, ఇసక అంచున ఉన్న చిన్న రాతి గది. సముద్రాన్ని కొలవాలని ముచ్చటపడిన ఒక దొర ఎనభై ఏళ్ల కిందట కట్టించాడు. లోపల బావి ఉంది. రాతి తూము గుండా సముద్రపు నీరే అందులోకి వస్తుంది. ఆ నీటి మీద రాగి బుడ్డి తేలుతుంటుంది. బుడ్డికి గొలుసు, గొలుసు చివర కలం, కలం కింద గడియారంతో పాటు తిరిగే కాగితపు చుట్ట. సముద్రం ఎక్కితే గీత ఎక్కుతుంది, దిగితే దిగుతుంది. ఆ గడియారానికి ఒకప్పుడు మాస్టారి తండ్రి కీ ఇచ్చేవాడు, బడి నుంచి రిటైరయ్యాక మాస్టారు ఇస్తున్నారు. ఎనభై ఏళ్ల గీతలు బీరువాలో ఉన్నాయి. ఆ ఏడు, అంటే డెబ్భై ఎనిమిదిలో, పైఆఫీసువాళ్లు ఇదంతా దండగ ఖర్చని తేల్చి, గదీ సామానూ కింద రెండు సెంట్ల ఇసకా కలిపి పాట పెడతామని నోటీసు అంటించారు.

మాస్టారు నెల్లాళ్లు చందా పుస్తకం పట్టుకుని తిరిగారు. నలభై మూడు రూపాయలు వచ్చాయి.

"ఏటని అడిగేరు?" అంది నూకాలు.

"మన ఊరి చరిత్ర అమ్మా, విజ్ఞానం, కాపాడుకుందాం అని."

"మరదే. సందా అడిగితే మడిసి పున్నెం కొంతాడు మాస్టారూ. పున్నేనికి పావలా సాలు. మీరు అడగాల్సింది సందా కాదు."

ఆ గది విలువ ఆమెకు తెలుసు, అదీ సరుకు రూపంలో తెలుసు. రెండేళ్ల కిందట దసరా వెళ్లిన వారం, ఆమె చేపలు ఇసక మీద ఎండుతుంటే మాస్టారు వచ్చి, "చంద్రుడి లెక్క కన్నా నీరు జానెడు పైన ఉందమ్మా, రెండు రోజులుగా దిగడం లేదు. ఎత్తించెయ్" అన్నారు. ఆకాశం అద్దంలా ఉంది. ఆమె నమ్మలేదు. గదిలోకి వెళ్లి, అంతకు ముందు ఏళ్ల దసరా గీతలు పక్కన పెట్టించుకుని, వేలితో కొలిచి చూసుకుంది. అప్పుడు ఎత్తించింది. ఊరంతా నవ్వింది. మర్నాటి సాయంత్రానికి మిగతావాళ్ల చేపలూ, తాతబాబు పెద్దవలా సముద్రంలోకి పోయాయి.

ఆమె తిన్నగా ఆ తాతబాబు దగ్గరికే వెళ్లింది. వలకు అతనే పెద్ద. పదిమంది లాగి పట్టిన చేపను ఇసక మీద కుప్పలు పోసి పంచేది అతనే. నావకు ఒక కుప్ప, వలకు రెండు, మనిషికొకటి.

"నావ అన్నం తింతాదేట్రా? దానికి కుప్పెందుకు?" అని అడిగింది.

"బాగు సెయ్యొద్దా పిన్నీ? రేపు కర్ర ఇరిగితే?"

"వలకో?"

"అదీ అంతే గదా."

"మరి పోటుగదికి లేదేం? ఆ మాట ఇనుంటే నీ వల మిగిలీది."

తాతబాబు కాలితో ఇసక గీకుతూ, "మా తాతలనాటి నుంచీ పోటు మాకు తెలవదా" అన్నాడు గానీ, గొంతులో బలం లేదు.

"తెలిసినోడివి వల ఎందుకు పోగొట్టుకున్నావ్?"

పక్కన చిలకమ్మ నవ్వింది. ఆమె పెనిమిటి కూడా వల లాగేవాడే. "ఒప్పేసుకో బావా. లేపోతే పిన్ని రోజూ ఇదే అడుగుతాది."

"దానికీ ఓ కుప్ప, సరే. నీకేటి లాభం పిన్నీ?" అన్నాడు తాతబాబు.

"ఆ కుప్ప నాకే అమ్మాల. ఆ పూట ధరకే, రొక్కం. ఆ డబ్బులు కాయితానికీ సిరాకీ మాస్టారి బత్తేనికీ. నీరు ఎక్కువైన దినం గది మీద ఎర్రగుడ్డ కడతారు. అందరికీ ఒక్కసారే."

పాటనాడు ఆఫీసు వరండాలో పాతసామాన్ల వర్తకులు ఎనిమిదిమంది చేరారు. గురునాథరావు వాళ్లకు నాయకుడు; పట్నం పూర్ణా మార్కెట్లో చేపల పాటలూ, మూటలు మోసే కళాసీలూ, బేరగాళ్లూ కూడా అతని చేతిలోనే. పాటకు ముందే అందరితో తువ్వాలు కింద వేళ్లు పట్టి మాట్లాడడం అతని రివాజు. వేలికి యాభై. ఎన్ని వేళ్లు అందితే అంత పుచ్చుకుని, పాట పెంచకుండా నోరు మూసుకోవాలి. గుట్టు బయటపెట్టినవాళ్లు పూర్ణా మార్కెట్లో బతకలేరు. ఇరవై ఏళ్లుగా నూకాలు కూడా ఆ గుట్టు కాపాడింది.

"నూకాలప్పా, నీకు ఇందులో పనేటి? ఎండుసేపలకి రాగి బుడ్డెందుకు?" అంటూ అతను ఆమె చేతి మీద తువ్వాలు కప్పి మూడు వేళ్లు అందించాడు.

ఆమె ఆ వేళ్లను ఒక్కొక్కటే మడిచి అతని అరచేతిలోనే పెట్టింది. తరవాత తువ్వాలు లాగేసి, మడత పెట్టి, అతని భుజం మీద వేసింది. "నూటయాభై ఇత్తన్నాడు నాకు, నోరు మూసుకోమని" అంది అందరికీ వినబడేలా.

 పాట రాసుకునే గుమాస్తా తల ఎత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు.

"దీని ఫలితం ఉంతాది అప్పా."

"ఉండనీ తమ్ముడూ. అన్నిటికీ ఉంతాది."

ఐదు వందల దగ్గర పాట మొదలైంది. గురునాథరావు ఎక్కడ ఆగుతాడో నూకాలుకు తెలుసు. రాగి బరువు మాస్టారి చేత తూయించింది. రాయి ధర కనుక్కుంది. కొండదారిన లారీ కిరాయి ఎంతో ఆమె కన్నా ఎరిగినవాళ్లు లేరు, ఆమె గోనెలు దిగేదీ ఆ దారినే. అన్నీ పోగా పన్నెండు వందలు దాటితే అతనికి నష్టం. ఎనిమిది వందల మాట వినబడగానే ఆమె ఒక్కసారిగా, "పదమూడు వందలు" అంది. మార్కెట్లో కొట్టు కొనడానికి దాచుకున్న డబ్బు అది.

గురునాథరావు పళ్లు కొరికాడు గానీ పెంచలేదు. పగ కోసం నష్టపోయే వర్తకుడు కాడు అతను.

అన్నట్టే, మర్నాటి నుంచి పూర్ణా మార్కెట్లో ఆమె గోనెల మీద కళాసీలు చెయ్యి వెయ్యలేదు. బేరగాళ్లు ముఖం తిప్పుకున్నారు. నూకాలు గంప నెత్తికెత్తుకుని సీతమ్మధార వీధుల్లో పడింది. పాతికేళ్ల కిందట మానేసిన పని. మెడ నొప్పెట్టింది. గుమ్మాల దగ్గర ఇల్లాళ్లు ముక్కు మూసుకుంటూనే కొన్నారు. మధ్యలో బేరగాడు లేడు గనక, గంపకు మిగిలేది మార్కెట్లో కన్నా ఎక్కువే. ఆ సంగతి మాత్రం ఆమె గురునాథరావుకు తెలియనివ్వలేదు.

మూడో నెలలో అతనే ఎదురుపడ్డాడు. "ఇంక సాలు అప్పా. ఆ బుడ్డి నాకు అమ్మేయ్, మార్కెట్లోకి రా."

"రాగి ఒక్కసారే అమ్ముడవుతాది తమ్ముడూ. గీత రోజూ వత్తాది" అంది ఆమె, గంప దించకుండానే.

ఆ ఆదివారం పెద్దవల నిండుగా వచ్చింది. తాతబాబు కుప్పలు పోస్తున్నాడు. నావకు, వలకు, మనుషులకు. చివర్న ఒక కుప్ప మిగిలింది. వలలోకి కొత్తగా చేరినవాడు దాని మీద చెయ్యి వెయ్యబోయాడు.

"అది ముట్టకు" అన్నాడు తాతబాబు. "అది గదిది."

నూకాలు వంగి ఆ కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చింది. అడుగున కూడా మంచి చేపే ఉంది.