పిన్నికి తగ్గిన మూడు క్రెడిట్లు

మా పిన్ని దరఖాస్తును నేనే కొట్టేశాను. కావాలని కాదు, అది పిన్నిదని నాకు తెలియదు. ఫైలు మీద పేరు చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే పని సాగదు. అందుకే పదకొండేళ్లుగా పేర్లు చదవడం మానేశాను.

నా ఉద్యోగం జర్నలిజం కాలేజీలో. వేరే కాలేజీలో చదువు మధ్యలో ఆపేసినవాళ్లు మా మూడేళ్ల డిగ్రీలో చేరడానికి వస్తే, వాళ్లు అక్కడ సంపాదించిన క్రెడిట్లు ఇక్కడ చెల్లుతాయో లేదో తేల్చేది నేను. ముప్పై చెల్లితే నేరుగా రెండో ఏడాదిలో కూర్చోవచ్చు. ఒక్కటి తగ్గినా మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. సబ్జెక్టులో ఏం చెప్పారో సిలబస్ అంతా చదివి పోల్చాలని నిబంధన. నేను సబ్జెక్టు పేరు చూసి పోల్చేదాన్ని. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదా అని నా వాదన. విద్యార్థులు నాకు కత్తెరమ్మ అని పేరు పెట్టారు. వినపడనట్టు ఉండేదాన్ని గానీ, లోపల కాస్త గర్వంగానే ఉండేది.

పిన్నికి యాభై రెండేళ్లు. మా అమ్మ పోయాక నన్ను పెంచడానికి తన చదువు మధ్యలో వదిలేసింది. నాలుగేళ్లుగా మా పేట రేడియోలో జీతం లేకుండా వార్తలు చదువుతోంది. రెండేళ్లలో జర్నలిజం డిగ్రీ తెచ్చుకుంటే వార్తల విభాగం ఆమెకే అప్పగిస్తామని వాళ్లన్నారట. నాకు చెబితే సిఫారసు అనుకుంటారని, చెప్పకుండానే దరఖాస్తు పెట్టింది.

తిరస్కరణ ఉత్తరం ఇంటికే వచ్చింది. కింద సంతకం నాది. పిన్ని దాన్ని తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. ఇరవై ఏడు క్రెడిట్లు చెల్లాయి. "పోషకాహార విస్తరణ" అనే సబ్జెక్టు తాలూకు మూడు మాత్రం జర్నలిజానికి సంబంధం లేనివని కొట్టేశాను. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

పేరైనా చూడలేదా అని అడిగింది. లేదన్నాను. పోనీ సిలబస్ చదివావా అంది. దానికీ అదే జవాబు. చివాట్లు పెడుతుందనుకున్నాను. పెన్నూ కాగితం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. చివాట్లే నయం.

ఏడాదికి ఎన్ని ఫైళ్లొస్తాయి, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుంది, నీ పని ఎవరైనా తనిఖీ చేస్తారా అని మెల్లగా అడుగుతూ పోయింది. పిన్ని అడిగితే ఎవరైనా తమ గొయ్యి తామే తవ్వుకుంటూ, ఇంకాస్త లోతుగా తవ్వమంటారా అని అడుగుతారు. ఈ ఏడాది అరవై మూడు ఫైళ్లు కొట్టేశానని, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు పట్టిందని పూసగుచ్చినట్టు చెప్పేశాను.

తిరస్కరణ మీద అప్పీలు చేసుకునేవాళ్లు సొంతంగా రాసిన వార్తాకథనం ఒకటి జతచేయవచ్చు. పిన్ని "నాలుగు నిమిషాల్లో తేలిపోయే చదువులు" అని రాసింది. ఎవరి మీద రాశారో వాళ్ల వివరణ కూడా ఉండాలి కదా అని, ముందు నాకే చూపించింది. పని ఒత్తిడి అన్నాను. అలాగే రాసుకుంది. ఆ పక్క వాక్యంలోనే నా భోజన విరామం ఒంటిగంట నుంచి మూడింటి దాకా అని చేర్చింది. అదీ నేను చెప్పిందే.

"పిన్నీ, ఆ మూడు క్రెడిట్లూ రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను. ఇది చింపెయ్" అన్నాను.

పిన్ని కాగితాన్ని తన వైపు లాక్కుంది. ఆ సీటు ఆమెకు ఎంత కావాలో నాకు తెలుసు.

"నోరు మూసుకున్నందుకు క్రెడిట్లా?" అంది. "అదీ జర్నలిజంలో?"

సోమవారం డీన్ గారు పిన్ని అప్పీలుకు జతచేసిన కథనం చదివి నన్ను పిలిచారు. కొట్టేసిన అరవై మూడింటినీ వచ్చిన తేదీల వరుసలో మళ్లీ చదవాలన్నారు. అడ్మిషన్లు శుక్రవారం ఐదింటికి ముగుస్తాయి. "కత్తిరించిన చేత్తోనే కుట్టండి. మీ సంతకం కింద నేనూ పెడతాను" అన్నారు. వరుసలో అందరికంటే చివరిది పిన్ని ఫైలు. దాన్ని కాస్త పైకి జరుపుతానని ఇంట్లో అనబోయాను. పిన్ని చూసిన చూపుకి మాట మింగేశాను.

ఆ నాలుగు రోజులూ బల్ల దగ్గరే తిన్నాను. చదువుతుంటే సిగ్గేసింది. ఒకతని "వేదిక నిర్వహణ"లో సగం పాఠాలు గొంతు గురించీ మైకు గురించీ ఉన్నాయి. ఒకమ్మాయి చదివిన "గ్రంథాలయ సూచికలు" అంతా పాత పత్రికల్లో వార్త వెతకడమే. పందొమ్మిది మందికి క్రెడిట్లు తిరిగొచ్చాయి. వాళ్ల పేర్లు కూడా చదివాను.

శుక్రవారం నాలుగూ నలభైకి పిన్ని అందరిలాగే టోకెన్ తీసుకుని నా కౌంటరు ముందుకొచ్చింది. టైము లేదని నేను ఆమె ఫైలు తెరుస్తూనే సంతకం పెట్టబోయాను.

"చదివావా?" అంది.

"ఇరవై నిమిషాలే ఉంది పిన్నీ."

"పన్నెండు పేజీలే ఉన్నాయి."

చదివాను. జనానికి చెప్పేముందు వాళ్లు చెప్పేది వినడం, పెద్ద సంగతిని ఐదు వాక్యాల్లో చెప్పడం, చెప్పింది చేరిందో లేదో మళ్లీ వెళ్లి కనుక్కోవడం. మా మొదటి ఏడాదిలో చెప్పేదానికంటే ఇది రెండాకులు ఎక్కువే చదివింది. చివరి పేజీలోని మార్కుల పత్రం మీద పరీక్ష తేదీ ఉంది. అమ్మ పోయిన పదో రోజు అది. అప్పటికి నాకు మూడేళ్లు.

"ఆ రోజు నన్ను ఎవరి దగ్గర ఉంచావు?" అని అడిగాను.

"ఎవరున్నారని? నిన్నూ తీసుకెళ్లాను. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి, నా బల్ల కింద పడుకోబెట్టాను. మూడు గంటలూ నా కాలు పట్టుకునే నిద్రపోయావు."

నాకు అక్షరాలు అలుక్కుపోయాయి. ఐదింటికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడుస్తూనే సంతకం పెట్టాను.

"తేదీ కూడా వెయ్యి" అంది పిన్ని.