మీసాలున్న విమానం

అత్తగారి చేతులు వణుకుతాయన్న మాట నిజమే. టీ కప్పు పట్టుకుంటే సాసరు గలగలమంటుంది. కానీ ఆవిడ ఆ చేతులతోనే రిమోట్ పట్టుకుని చిన్న విమానాన్ని గాల్లో పల్టీలు కొట్టించేది. అలాంటిది, పోయిన ఆదివారం క్లబ్బు మైదానంలో ఆవిడ నల్ల విమానం తిన్నగా తన వైపే వస్తూ వస్తూ ఉలుకూ పలుకూ లేకుండా నేలకు కొట్టుకుంది. అల్లుడు దగ్గరికొచ్చాడు.

"చేతులు సహకరించడం లేదు, అత్తయ్యగారూ. ఇకమీదట హాయిగా కుర్చీలో కూర్చుని చూడండి."

అల్లుడు ఆ విమానాల క్లబ్బుకి కార్యదర్శి. మైదానం తాళంచెవి అతని జేబులోనే ఉంటుంది. ప్రేమగానే అన్నాడు, అందుకే ఆవిడకి ఒళ్లు మండింది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేది. ఎగరేయడం మానేస్తే తనకి మిగిలేది ఆ కుర్చీ ఒక్కటే.

ఇంటికొచ్చి విరిగిన విమానాన్ని వంటింటి బల్ల మీద పెట్టి మూత తీసింది. ముక్కు పోయింది గానీ నడుం గట్టిగానే ఉంది. ఒళ్లంతా కార్బన్ ఫైబరు, రేడియో తరంగాలకి అదో గోడ, ముక్కు వైపు నుంచి మరీ మందం. లోపల రిమోట్ సిగ్నల్‌ని అందుకునే రిసీవర్ తాలూకు రెండు యాంటెనా తీగలూ ఆ గోడ దాటి బయటికి రావాలి. అవేమో శుభ్రంగా మడిచి, లోపలే టేపుతో అంటించి ఉన్నాయి. అంటించింది అల్లుడే. "బయటికి వేలాడితే అసహ్యంగా ఉంటుందండీ" అని మురిసిపోయాడు. అల్లుడి ముచ్చట చెడగొట్టడం ఎందుకని ఆ రోజు ఆవిడ నోరు మూసుకుంది.

ఇక మూసుకోదలచుకోలేదు. విమానాల సామాన్ల దుకాణానికి బయలుదేరితే అల్లుడూ వెంటొచ్చాడు. దుకాణదారు బారెడు యాంటెనా ఒకటి తీశాడు.

"రిమోట్‌కి ఇది తగిలించండమ్మా. ఎంత దూరమైనా అందుతుంది."

"అందుతుంది, అది చూసే వైపు ఉంటే. నా విమానం ఒక్క వైపే ఉంటుందా? పొడుగు తీగలున్న రిసీవర్ ఇవ్వు నాయనా. రెండు తీగలూ బయటికి రావాలి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా."

"చూడ్డానికి బాగోదండీ," అని అల్లుడు గొణిగాడు. "అయినా తప్పు యాంటెనాది కానప్పుడు..."

"ఎవరిదో ఆదివారం చూద్దాం, అల్లుడుగారూ," అంటూ ఆవిడ రిసీవర్‌తో పాటు అలాంటిదే ఇంకో నల్ల విమానం కూడా కొంది.

ఆదివారం మైదానంలో కుర్చీ సిద్ధంగా ఉంది. ఆవిడ అందులో రిమోట్‌ని కూర్చోబెట్టి, పరీక్ష కోసం, ఎంతో దూరాన ఉన్నట్టు లెక్కకొచ్చేలా, సిగ్నల్ బలం తగ్గించింది. పాత విమానాన్ని అల్లుడి చేతికిచ్చి దూరంగా నిలబడమంది. తను చేతులు కట్టుకుంది.

"పక్కకి తిప్పండి."

రిసీవర్ దీపం పచ్చగా వెలిగింది.

"ఇప్పుడు ముక్కు ఇటు."

దీపం ఎర్రబడింది. సిగ్నల్ తెగిపోయింది. అల్లుడు నమ్మలేక మళ్లీ తిప్పాడు. మళ్లీ ఎరుపే.

"మీ చేతులు వణికాయా?"

అల్లుడి మొహం మాడిపోయింది. "లేదండీ."

"నావి వణుకుతాయి. అయినా ఎగరేస్తాను."

కొత్త విమానాన్నీ అలాగే నాలుగు పక్కలా తిప్పించింది. దీపం పచ్చగానే ఉంది. పిల్లి మీసాల్లా పొడుచుకొచ్చిన తీగల్ని చూసి క్లబ్బువాళ్లు కిసుక్కుమన్నారు. నవ్వుకోనీ అనుకుని గాల్లోకి లేపింది. దూరంగా ఒక పల్టీ కొట్టించి, ముక్కు తన వైపే తిప్పింది. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ బొటనవేళ్లు వణికాయి. విమానం మాత్రం చెప్పిన మాట వింటూ వచ్చి గడ్డి మీద మెత్తగా దిగింది.

అల్లుడు పరుగున కుర్చీ తెచ్చాడు. "అలసిపోయి ఉంటారు, అత్తయ్యగారూ. కూర్చోండి."

"మీరు కూర్చోండి, అల్లుడుగారూ," అంటూ ఆవిడ రెండో బ్యాటరీ బయటికి తీసింది. "కూర్చుని చూడండి."