పరుపులు లేని మూడో సీను

కోరుట్ల బస్సు జగిత్యాల దాటగానే ఊర్మిల ఫోన్ మోగింది. నౌషాద్ నంబరు. ఎత్తితే అతని భార్య లుబ్నా మాట్లాడింది.

"ఊర్మిలక్కా, ఈయన ఫోన్ ఇంట్లనే మర్శిపోయిండు. పొద్దటిసంది మీ గ్రూపు మోగుడే మోగుడు. ఏమన్న అర్జెంటా?"

ఊర్మిల సీట్లోంచి లేచింది.

"మరి పొద్దుగాల నా మెసేజ్‌కు బొటనేలు ఎవరు పెట్టిన్రు?"

"నేనే. ఎవరేం పంపినా గదే పెడ్త. ఓసారి పెట్టకుంటె మీరే ఫోన్ మీద ఫోన్ జేసి సతాయించిన్రు గద!"

ఊర్మిల ఆ నాటక బృందానికి మేనేజరు. ఎవరు ఎప్పుడు ఎక్కడుండాలో, ఏ సీను తర్వాత ఏది రావాలో రాసి అందరికీ పంపేది ఆమే. నాటకం గల్ఫ్‌కు పోయిన ఒక మేస్త్రీ కథ. ఐదో సీనులో లైట్లు ఆరగానే, మేస్త్రీ వేషం వేసే ఖాలిద్ రెండు నిలువుల ఎత్తు పరంజా మీంచి వెనక్కి పడతాడు. కింద, గోడలా రంగేసిన అట్ట చాటున, నౌషాద్ పరుపులు వేసి ఉంచుతాడు. నిన్న సిరిసిల్లలో అంతా సరిగ్గా జరిగింది.

ఈరోజు కోరుట్లలో ముఖ్య అతిథి త్వరగా వెళ్లిపోవాలన్నాడు. అతను చూసి పోయేలా ఆ సీనును మూడోదిగా మార్చమన్నాడు డైరెక్టర్ మధుకర్. ఊర్మిల కొత్త వరుస రాసి గ్రూపులో పెట్టింది. అందరి బొటనవేళ్లూ వచ్చాయి. ఆ ధైర్యంతోనే రేపటి ఆటకు మైకు అనుమతి తేవడానికి జగిత్యాల వెళ్లింది. బొటనవేళ్లు వచ్చాయి గనుక అక్కడ హాల్లో కూడా ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు.

మూడో సీనప్పుడు నౌషాద్ హాలు వెనక సందులో, వ్యాన్ దగ్గర ఉంటాడు.

మధుకర్‌కు ఫోన్ చేసింది. స్విచాఫ్. ఖాలిద్, స్విచాఫ్. లైట్లు చూసే సంపత్ కూడా అంతే. 'మొదటి గంట కొట్టాక ఫోన్లు బంద్.' ఆ నియమం రాసింది తనే.

"డ్రైవరన్నా, జర జల్ది పోనీ! మనిషి పానం మీదికొచ్చింది!"

"రెక్కలు కట్టాల్నా బిడ్డా బస్సుకు?" అన్నాడు గానీ వేగం పెంచాడు.

కోరుట్లలో పెళ్లి బరాత్ అడ్డమొచ్చింది. ఊర్మిల దూకి పరుగెత్తింది. చెప్పు తెగితే రెండూ వదిలేసింది. ఫంక్షన్ హాలు ముందు తలుపు తోసుకుని లోపలికి పడింది.

ఖాలిద్ అప్పటికే పరంజా ఎక్కేశాడు.

"ఖాలిద్, పడకు!" అని అరిచింది. స్పీకర్లలో కాంక్రీటు మిక్సర్ మోత. పక్క కుర్చీవాళ్లకు కూడా వినపడలేదు. చుట్టూ తిరిగి వెనక్కి పోయే టైం లేదు. తలుపు పక్కనే సంపత్ లైట్ల బల్ల. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లైట్ బంద్ జెయ్యకు!"

"పాగల్ అయినవా అక్కా? గీ డైలాగ్‌కే బంద్ జెయ్యాలె. నువ్వు రాసిందే గద!"

"కింద పరుపుల్లేవ్‌రా! నౌషాద్‌కు తెల్వదు, ఎనక వ్యాన్ కాడున్నడు. ఉర్కు! ఏసినంక టార్చ్ చూపెట్టు!"

సంపత్ టార్చ్ అందుకున్నాడు. ఉరికాడు. ఖాలిద్ మాట కోసం మిక్సర్ మోత ఆగింది.

"అవ్వా! ఇంటికి స్లాబ్ నేనచ్చినంకనే ఏద్దాం!" అన్నాడు ఖాలిద్. అదే ఆఖరి మాట. లైటు ఆరలేదు. మళ్లీ అన్నాడు, గట్టిగా. స్టేజీ పక్క నుంచి మధుకర్ చేతులూపుతున్నాడు, ఆర్పు, ఆర్పు అని. మూడోసారి అనేసరికి జనంలోంచి ఎవడో, "ఇన్నం తీయ్ కాకా, ఇగ దిగు!" అన్నాడు. హాలంతా నవ్వు.

ఖాలిద్ మడమలు చెక్క అంచు దాటి గాలిలో ఉన్నాయి. ఆ నవ్వుకు అతని దవడ బిగుసుకుంది. లైటుతో పనిలేదనుకున్నాడేమో, చేతులు చాపాడు. మోకాళ్లు వంచాడు.

'వద్దు, వద్దు' అంటోంది ఊర్మిల. ఆ నవ్వులో ఎవరికీ వినపడటం లేదు.

ఖాలిద్ ఆగిపోయాడు. తల కొద్దిగా పక్కకు తిప్పి, కింద ఏదో ఈడుస్తున్న చప్పుడు వింటున్నట్టు నిలబడ్డాడు. అతని చేతులు మెల్లగా వెనక కర్రను వెతుక్కుని పట్టుకున్నాయి.

స్టేజీ పక్కన టార్చ్ వెలిగింది. ఊర్మిల స్విచ్ ఆర్పింది.

చీకటి. పరుపు మీద మనిషి పడే చప్పుడు కోసం ఎదురుచూసింది. రాలేదు. పరంజా కర్రలు కిర్రుమన్నాయి. ఎవరో తడుముకుంటూ, ఒక్కో కర్రా దిగుతున్నారు. ఆ తర్వాత ఖాలిద్ గొంతు, వణుకుతూ:

"నౌషాద్‌భాయ్... ఇప్పుడా ఏసేది?"