ఆషాఢం గాలికి పోయిన లైను

సొన్నమ్మకు బెంగళూరులో సన్మానం చేస్తామని ఫోను వచ్చేనాటికి ఆమె బోరు మోటారుకు కరెంటు లైను కోసేసి వారం దాటింది. చాకీ పురుగులు, అంటే పట్టుపురుగు పిల్లలు, తెచ్చి తట్టల మీద పోసుకున్న మర్నాడే లైన్‌మన్ వచ్చాడు. స్తంభమెక్కి తీగలు కత్తిరించాడు, చుట్ట చుట్టి భుజాన వేసుకొని పోయాడు. అప్పటినుంచి మల్బరీ తోటకు చుక్క నీరు లేదు. ఆకు అంచులు మాడి ముడుచుకుపోతున్నాయి. ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరంలో పడుకొని ఉన్నాయి. జ్వరమంటే రోగం కాదు, పాత తోలు వదలడానికి పురుగు తిండి మాని పడుకోవడం. లేచిందంటే మాత్రం గూడు కట్టేదాకా తినడమే దాని పని. అప్పుడు ఆకు వేయలేకపోతే పురుగులు చచ్చి ఇంటినిండా కంపే.

ఫోనులోని మనిషికి ఇవేవీ అక్కరలేదు. "మీరు జిల్లాకే మాదిరి రైతు అమ్మా. శాలువా కప్పి, తలకు మైసూరు పేటా పెట్టి, ఫలకం ఇస్తాం. వ్యాను కూడా మేమే పంపిస్తాం" అన్నాడు.

"శాలువా ఏం చేసుకొనేది సామీ? లైను ఇప్పిచ్చండి, సాలు."

"అదంతా ఇక్కడికొచ్చి మాట్లాడుకోండి. పెద్ద సార్లందరూ వస్తారు."

మొగుడు లింగన్న తట్టల కింద సున్నం చల్లుతూ అంతా విన్నాడు. "పో. పొయ్యి మైకు ముందర అడుగు. అంతమంది ఎదురుగా లేదనేదానికి వాళ్ళకీ మొగం సాలదు. పురుగుల్ని నేను చూసుకుంటా" అన్నాడు.

అందుకని ఒప్పుకుంది. సన్మానానికి కాదు, లైనుకు.

లైను పోయింది గాలిమర వల్ల. గాలిమర వచ్చింది సబ్సిడీ వల్ల. దొడ్డబళ్ళాపురం అవతల ఉన్న వాళ్ళ పల్లెకు ఆషాఢంలో అశ్వత్థప్ప అనే కంపెనీ ఏజెంటు దిగాడు. ఆ నెలలో ఆ పక్క పెంకులు లేచిపోతాయి, ఆరేసిన కోకలు పక్క పొలంలో దొరుకుతాయి. పొలంలో చిన్న గాలిమర నిలబెట్టుకుంటే సగం ఖర్చు సర్కారు పెట్టుకుంటుంది, మిగతా సగానికి బ్యాంకు అప్పిస్తుంది అన్నాడు. "త్రీఫేజు ఎప్పుడిస్తారా అని మోటారు కాడ కాపలా ఉండే కర్మ తీరిపోతాదక్కా. గాలి తగిల్తే నీళ్ళే."

"గాలి లేకుంటే?" అని సొన్నమ్మ అడిగింది.

"లైను యాడికి పోతాది? అదీ ఉంటాది."

ఉంటుందని ఎవరూ రాసివ్వలేదు. ఆషాఢం గాలి ఆషాఢంతోనే సరి అని ఆ ఊళ్ళో ముసలీ ముతకా అందరికీ తెలుసు. తెలిసే ఎనిమిది ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు. సర్కారు సగం ఇస్తానంటే వద్దనడం ఆ ఊరికి చేతకాదు. ఏళ్ళ తరబడి ఏమీ ఇవ్వనివాడు ఏదో ఇస్తానంటే ఎవరికి మాత్రం చేతనవుతుంది?

గాలిమరలు ఆషాఢం ముగిసేలోపే లేచినా తనిఖీకి మాత్రం ఆషాఢంలో రాలేదు. కార్తీకంలో, ఆకు కూడా కదలని రోజుల్లో వచ్చారు. గాలిమర ఫ్యాను తిరగకపోతే సబ్సిడీ లేదు, అప్పు మొత్తం మీ నెత్తినే అని అశ్వత్థప్ప ముందురోజు ఫోను చేసి చెప్పాడు.

ఆ ఊరికి ఇలాంటివి కొత్త కాదు. పాడి అప్పుల కాలంలో ఒకే సీమావును మూడు కొట్టాల్లో చూపించారు. బ్యాంకు మేనేజరు ఒకరింట్లో కాఫీ తాగేలోపల ఆవు వెనకదారిన ఇంకో కొట్టానికి చేరేది. చూడ్డానికి మనిషి వచ్చాడంటే ఏదో ఒకటి చూపించి పంపాలి, అదే అక్కడి మర్యాద. ఇప్పుడూ అదే చేశారు. టెంకాయ చెట్లెక్కే సొన్నమ్మ మరిది మునీంద్ర పొద్దున్నే గాలిమర స్తంభమెక్కాడు. రెక్కల వెనక ఇరుసుకు నైలాను తాడు బొంగరానికి చుట్టినట్టు చుట్టాడు. తాడు కొస పట్టుకొని మల్బరీ సాళ్ళలో నక్కి కూర్చున్నాడు. లావణ్య అనే ఇంజినీరమ్మ జీపు దిగి ఫోను పైకెత్తగానే ఒక్క ఊపున లాగుతూ పరిగెత్తాడు. రెక్కలు గిర్రున తిరిగాయి. ఊరు చప్పట్లు కొట్టింది. సొన్నమ్మ కూడా కొట్టింది. తక్కిన ఏడు మరలనూ ఆ తాడే తిప్పింది.

ఆ వీడియో బెంగళూరు చేరింది. సబ్సిడీ పడింది. గాలితో నీళ్ళు తోడుకుంటున్న రైతుకు ఉచిత కరెంటు దేనికని ఆ వెనకే లైను కోశారు. అదీ స్కీములో ఉన్నదేనట, అశ్వత్థప్ప చెప్పలేదంతే. ఇప్పుడు అతని ఫోను మోగి మోగి ఆగిపోతోంది. మొదట కదిలిన ఫైలు సొన్నమ్మది కాబట్టి లైను కూడా మొదట ఆమెదే పోయింది. తక్కిన ఏడుగురికి సబ్సిడీ ఇంకా రాలేదు, లైనూ ఇంకా పోలేదు.

ఫోను వచ్చిన మర్నాడే సన్మానం. పొద్దున్నే వ్యాను వచ్చింది. సొన్నమ్మ వెంట మునీంద్ర, పక్క తోట పుష్పావతి, ఇంకా గాలిమరలు పెట్టించుకున్న కొందరు ఎక్కారు. బెంగళూరు మొదట్లో, హెబ్బాళ దగ్గర వ్యాను ఎటూ కదలకుండా ఇరుక్కుంది.

"వొదినా, పేటా పెడతారంట. కొప్పు కొంచెం దించి కట్టుకో, నిలబడదు" అన్నాడు మునీంద్ర.

"పేటా నీకు గదప్పా పెట్టల్ల! ఫ్యాను తిప్పినోడివి నువ్వు" అంది పుష్పావతి.

"నాకొద్దు తల్లీ. నాకైతే ఆ తాడే మెడకేస్తారు."

వ్యానంతా నవ్వింది. సొన్నమ్మ నవ్వలేదు. మైకు ముందు అడగాల్సిన మాటను లోపల్లోపల అనుకుంటూ ఉంది. కన్నడంలో అడగాలి, పొట్టిగా అడగాలి, ఏడవకూడదు.

హాలు గుమ్మంలో పట్టుచీరల అమ్మాయిలు వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లుతున్నారు. సొన్నమ్మ చప్పున వెనక్కి జరిగింది. "వద్దు తల్లీ, నేను పురుగులింట్లోకి పోవల్ల. వాసన తగిల్తే ఓర్చుకోవు అవి." ఆ అమ్మాయి ఏమనుకుందో ఏమో, కిలకిలా నవ్వి ఇంకో రెండు చుక్కలు చల్లింది.

లోపల ఏసీ చలి. లావణ్య ఎదురొచ్చింది. ఆంధ్ర పిల్ల, మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది.

"అమ్మా, గుర్తుపట్టారా? మీ వీడియో తీసింది నేనే. అదే ఇవాళ పెద్ద స్క్రీన్ మీద వేస్తున్నారండీ."

"గుర్తుండావులేమ్మా. నా లైను సంగతేమి?"

లావణ్య అటూ ఇటూ చూసింది. "కష్టమండీ. సిస్టమ్‌లో మీ ఫ్యాను రన్నింగ్ అని ఉంది. ఆ వీడియో ఉన్నంతకాలం లైను మళ్ళీ ఇవ్వడానికి ఆప్షనే లేదు."

"అది తిరగల్యామ్మా. ఆ పొద్దు మేము..."

"తెలుసండీ." గొంతు తగ్గించింది. "తాడు నా కాళ్ళ దగ్గరే పడింది. చూశాను."

"చూసి?"

"నాకూ టార్గెట్ ఉంటుంది కదండీ. తిరగట్లేదని రాస్తే మీకు సబ్సిడీ పోతుంది, నాకు మెమో వస్తుంది. మీకు మంచే చేశాననుకున్నా."

సొన్నమ్మకు తిట్టాలనిపించలేదు. తను చప్పట్లు కొట్టింది, ఈ పిల్ల వీడియో తీసింది. పెద్ద తేడా ఏముంది?

"అయితే తాడు సంగతి నేనే మైకులో చెప్తే?"

లావణ్య నోరు తెరిచేలోపలే పుష్పావతి సొన్నమ్మ మణికట్టు పట్టుకుంది. "అక్కా, నీకేమన్నా పిచ్చా? నీకు సబ్సిడీ పడె. మాకింకా పడల్యా. నువ్వు తాడు అంటే మేమందరమూ తాడే గదా!"

"నీ లైనూ కోస్తారే పుష్పా. నాకు కోసినట్లే."

"కోసినప్పుడు చూసుకుందాము. ఇప్పుడు బ్యాంకోడు నా నెత్తిన కూర్చోనుండాడు. పలకొద్దు, నీకు దణ్ణం పెడతా."

పేరు పిలిచారు.

వేదిక మీద శాలువా కప్పారు. పేటా పెట్టారు, అది ఒక పక్కకి జారింది. పెద్ద ఆఫీసరు బసవరాజు మైకు పట్టుకొని కన్నడంలో దంచాడు. గాలి మన ఆస్తి అన్నాడు. రైతు ఇక చేయి చాచడు, ఇస్తాడు అన్నాడు. వెనక గోడంత స్క్రీను మీద సొన్నమ్మ తోట కనబడింది. నిండుగా, పచ్చగా, అప్పటి తోట. రెక్కలు గిర్రున తిరిగాయి. హాలంతా చప్పట్లు.

"ఇది మీ తోటే కదా అమ్మా? రెండు మాటలు చెప్పండి" అని బసవరాజు మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"నాదే" అంది. కన్నడం ఆమెకు తెలుగంత బాగానే వచ్చు. "సార్, నా మోటారుకు లైను కోసేసినారు. తోట ఎండిపోతావుంది. పురుగులు రేపో మాపో లేస్తాయి. నా లైను నాకు ఇప్పించండి. ఈ శాలువా తీసుకోండి, ఫలకం తీసుకోండి, లైను ఇవ్వండి."

బసవరాజు నవ్వుమొహం చెదరనివ్వలేదు. "ఇంత బాగా తిరుగుతున్న ఫ్యాను పెట్టుకొని లైనెందుకమ్మా?" అని స్క్రీను వైపు చేయి చూపించాడు. అక్కడ రెక్కలు మళ్ళీ మొదటినుంచి తిరుగుతున్నాయి.

సొన్నమ్మ కిందికి చూసింది. మూడో వరసలో పుష్పావతి రెండు చేతులూ జోడించి కూర్చొని ఉంది. మునీంద్ర తల దించుకున్నాడు. ఇంట్లో పురుగులు గుర్తొచ్చాయి.

"అది తిరగదు సార్. ఆషాఢం తరవాత ఒక్కపొద్దూ తిరగలేదు. ఆ తిప్పింది గాలి కాదు, మా మరిది. తాడు కట్టి లాగినాడు. మీ మనుషులు చూసినారు. చూసీ తిరిగిందని రాసినారు."

బసవరాజు ముందుగా నవ్వాడు, గట్టిగా, పొట్ట పట్టుకొని. "చూశారా మన పల్లె హాస్యం! గాలి లేకపోతే మరిదితోనైనా కరెంటు తీస్తారట మన రైతులు!" హాలు విరగబడి నవ్వింది. బయటపడటానికి దారి దొరికినట్టు నవ్వింది. ఎవరో ఈల వేశారు. మైకు పక్కకు జరిగింది. ఇంకొకరి పేరు పిలిచారు. ఒక అమ్మాయి సొన్నమ్మ మోచేయి పట్టుకొని మెట్లు దించింది.

భోజనాల వరండాలోకి లావణ్య వచ్చింది. "ఎంత పని చేశారండీ! బయట నవ్వారు గానీ సార్ లోపలికి పిలిచి ఒకటే కేకలు. మీ ఊరి మిగతా ఏడు ఫైళ్ళూ ఆపేయమన్నారు. మళ్ళీ తనిఖీ చేస్తారు. గాలి మీటరు పెట్టి చూస్తారట."

"మరి నా లైను?"

"మీది ముగిసిపోయిన ఫైలండీ. సన్మానం చేసిన ఫ్యాను తిరగదని ఇప్పుడు ఎవరు రాస్తారు? నేనైతే రాయలేను." ఆగి, "సారీ అండీ" అంది. వెళ్ళిపోయింది.

సొన్నమ్మ తినకుండానే వ్యానెక్కింది. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఆమె పక్క సీటు వదిలేసి ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. మళ్ళీ తనిఖీ సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. వ్యాను యలహంక దాటింది.

పుష్పావతే అడిగింది. "నీకు లైను వచ్చిందా అక్కా?"

"రాల్యా."

"మరి ఎందుకు చెప్పినావు?"

"మీ లైన్లన్నా మిగుల్తాయి గదే."

"ఆహా! మిగిల్తాయి. ఆ లైను చూపిస్తే బ్యాంకోడు అప్పు మాఫీ చేస్తాడా? మా పేరు ఎత్తుకోవద్దు. నీకోసం చెప్పుకున్నావు నువ్వు."

అది నిజమే. సొన్నమ్మ మునీంద్ర వైపు చూసింది. వాడు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

ఫోను మోగింది. లింగన్న. ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడు, వ్యానంతా వినబడింది. "పురుగులు లేసినాయే! తలకాయలు ఎత్తి ఆకు వెతుక్కుంటావుండాయి. మన తోటది కోసి వేసినా. ముట్టడంలేదు, తోలు మాదిరి ఉండాదది. లైను ఇస్తామన్యారా?"

"లేదంట."

"అయితే ఈ పూటకన్నా యాడన్నా ఆకు అడుగు. పుష్పావతి నీ కాడనే ఉండాది గదా?"

లేచిన పురుగుకు ఆకు అడిగితే లేదనడం ఆ ఊళ్ళల్లో లేదు. మాటలు లేని ఇళ్ళు కూడా ఆ ఒక్క వారం తోట తడిక తీస్తాయి. సొన్నమ్మ ఫోను దించి పుష్పావతి వైపు తిరిగింది. అడగలేదు. అడగాల్సిన పనీ లేదు, విన్నది కదా. పుష్పావతి కొంగు తల మీదికి లాక్కొని కళ్ళు మూసుకుంది. వెనక సీట్లలో కూడా మల్బరీ తోటలున్నవాళ్ళే. ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన డ్రైవరును పాటలు పెట్టమన్నాడు.

"ఏమే, ఉండావా?" అని ఫోనులో లింగన్న అరిచాడు.

"ఉండా."

"ఏం చేద్దాము?"

"పురుగులన్నీ పెంటదిబ్బలో పోసెయ్" అంది సొన్నమ్మ. "నేనొచ్చేదాకా పెట్టుకోవద్దు. పొయ్యి, ఇప్పుడే పోసెయ్."