చెట్టెక్కిన మేస్త్రి

నా తమ్ముడు సుకుమార్ తాగి చెట్టెక్కాడని ఊరంతా చాటినవాడు పల్లంరాజు మేస్త్రి. పచ్చి అబద్ధం. కాలవగట్టు మీద వాడిచేత నిద్రగన్నేరు కొమ్మలు కొట్టిస్తూ, కింద తాడు పట్టుకోవలసిన ఆ పెద్దమనిషి ఫోన్ మోగగానే తాడు వదిలేసి పక్కకు పోయాడు. తమ్ముడు పడ్డాడు. తుంటి విరిగింది, ఇప్పటికీ కర్ర సాయంతోనే నడుస్తాడు. వాడికి స్పృహ వచ్చేలోపే ఈ తాగుడు కథ మా చర్చిదాకా చేరిపోయింది. సంఘపెద్దలు వాణ్ణి ప్రభువు బల్ల నుంచి ఆపేశారు. నెలకోసారి అందరూ లేచి వెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే, ఏనాడూ కల్లు వాసన కూడా చూడనివాడు తలొంచుకుని బెంచీలో కూర్చునేవాడు. నా కడుపు మండిపోయేది.

చెట్ల సంరక్షణ శిక్షణలో నేను ఉద్యోగం కోసమే చేరాను. కొన్నాళ్లకు పల్లంరాజు కూడా వచ్చి మా బ్యాచ్‌లోనే కూర్చున్నాడు. సర్టిఫికెట్ లేకపోతే ఇక కొమ్మలు కొట్టే కాంట్రాక్టులు ఇవ్వరట. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను.

సత్యకుమారి మేడం మాకు ముందుగా నేర్పింది ఎక్కడం కాదు, చెట్టు చుట్టూ తిరిగి తలెత్తి చూడడం. ఎండుకొమ్మ ఉందా, కరెంటు తీగ ఉందా, తేనెపట్టు ఉందా అని. ఆ తర్వాతే తాడు. పైవాడు "దించు" అంటే, కిందివాడు "దించుతున్నా" అని జవాబు చెప్పి మరీ తాడు సడలించాలి. కిందివాడు సడలిస్తేనే పైవాడు దిగగలడు.

ప్రాక్టికల్ మా చర్చి ఆవరణలోనే పడింది. మామిడికొమ్మ ఒకటి రేకుల మీదికి వాలింది, దాన్ని తియ్యాలి. మా పాస్టర్ అయ్యగారు చూడ్డానికి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మేస్త్రి గారికి తాడు నేను పట్టుకుంటానండి మేడం," అన్నాను. మేడంకి మా గొడవ తెలియదు, సరేనన్నారు.

పల్లంరాజు నన్ను చూసి నవ్వాడు. "పట్టుకోమ్మా, నాకేంటి భయం?"

"ముందు చుట్టూ తిరిగి చూడండి రాజుగారూ," అన్నారు మేడం.

"నేను పుట్టిందే చెట్టు మీదండి. నాకెందుకండి ఈ ప్రదక్షిణలు?" అంటూ ఎక్కేశాడు.

నేను చూశాను. పైకొమ్మల్లో ఆకులు కుట్టుకుని ఎర్రచీమలు కట్టిన గూళ్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. నోరు మెదపలేదు. మేడం వెనకవైపు ఇంకో చెట్టు దగ్గరికి వెళ్లారు.

రంపం రెండు లాగులు లాగాడో లేదో, గూడు చిట్లింది.

"ఓరి నాయనో! దించు! దించమ్మా!"

తాడు బిగించి పట్టుకున్నాను.

"తబితా! దించవే తల్లీ, కళ్లల్లోకి వచ్చేస్తన్నాయి!"

"మా తమ్ముడు ఎలా పడ్డాడో చెప్పండి మేస్త్రి గారూ. దించుతాను."

"ఇప్పుడా ఆ గోల?"

"మీ ఇష్టమండి. నాకేం తొందర లేదు."

మెడ మీద, చొక్కాలో, చెవుల్లో చీమలు. వాడు గిలగిల్లాడుతుంటే నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"తాగలేదు! వాడు తాగలేదండి అయ్యగారూ! ఫోనొస్తే తాడు నేనే వదిలేశాను! దించండి బాబోయ్!"

అయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

"దించుతున్నా," అన్నాను. దించాను, చాలా మెల్లగా.

కేకలకు పరుగెత్తుకొచ్చిన మేడం నా చేతిలో తాడు లాక్కున్నారు. "మనిషిని చెట్టు మీద ఆపి ఆడిస్తావా? నీ చేతిలో ఇంకో ప్రాణం ఎలా పెట్టనమ్మా?" అని అక్కడికక్కడే బ్యాచ్‌లోంచి తీసేశారు. ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. బ్యాగు తీసుకుని ఇంటికొచ్చేశాను.

ఆ వచ్చిన బల్ల ఆదివారం, అయ్యగారు అందరి ముందూ సుకుమార్‌ను క్షమాపణ అడిగి ముందుకు పిలిచారు. తర్వాత ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు. ఎవరిమీదైనా పగ ఉన్నవాళ్లు ఈ బల్ల దగ్గరికి రావద్దు అని.

తమ్ముడు కర్ర పట్టుకుని లేచాడు. వాడి మొహం వెలిగిపోతోంది. "రా అక్కా," అని చెయ్యి చాపాడు.

"నువ్వెళ్లరా."

"ఏంటక్కా, నువ్వు రావా?"

వాచిపోయిన పల్లంరాజు మొహం తలచుకుంటే నాకింకా నవ్వొస్తోంది. ఇంకాసేపు పైనే ఉంచాల్సింది అనిపిస్తోంది. ఆ మనసుతో రొట్టె ఎలా ముట్టుకోను?

తల అడ్డంగా ఊపి, వాడు వెళ్లడానికి కాళ్లు పక్కకు జరుపుకున్నాను.