చూద్దాంగారు

ఆ ఇంట్లో మగగొంతు వినిపిస్తోందని పక్కింటావిడ కుళాయి దగ్గర అందరి చెవినా వేసిందట. ఉన్నది అక్కాచెల్లెళ్ళిద్దరే కదా, పొద్దున్నే వంటింట్లోంచి "చూద్దాం, చూద్దాం" అంటున్న మగాడెవరని ఆరా తీసిందట. ఆ ముచ్చట మోసుకొచ్చి చెల్లెలు పడీపడీ నవ్వింది. అక్క నవ్వలేదు. పొద్దున్న వంటింట్లో ఉన్నది తనొక్కతే.

అక్క పెద్దాసుపత్రిలో సోషల్ వర్కర్. దిక్కులేని రోగులకు ఓ నీడ వెతికిపెట్టడం ఆమె పని. ఆమె పైనున్న సూపర్‌వైజర్‌ని వెనకాల అందరూ చూద్దాంగారు అంటారు. కసిరే రకం కాదు. ఏదడిగినా తల ఎత్తకుండా, దూది వత్తినంత మెత్తగా, "చూద్దాం" అంటాడు. అవుననడు, కాదనడు. ఇంతకుముందు అక్క కుర్చీలో కూర్చున్నావిడ, మానేసే రోజుల్లో, మోగని ఫోను ఎత్తి "చూద్దాం" అని పెట్టేసేదని వార్డు నర్సు నవ్వుతూ చెప్పేది.

ఆ రోజు వార్డులో ఉన్న ముసలి దర్జీ సంగతి తేలాలి. షుగరు ఒక కాలు తీసుకుపోయింది. ఇంటివాళ్ళు మొహం చాటేశారు. వృద్ధాశ్రమంవాళ్ళు సాయంత్రందాకా ఒక మంచం అట్టిపెడతామన్నారు. సూపర్‌వైజర్ ఫోన్లో సరేనంటే చాలు. ఎటు పోవాలో తెలిస్తేగానీ ముద్ద దిగదని ముసలాయన కంచం తోసేస్తున్నాడు.

"సార్, ఇవాళే ఆఖరు. మీరొక్క మాట అంటే..."

"చూద్దాం."

"కాదంటే కాదనండి సార్. ఇంకో దారి వెతుక్కుంటాను."

"చూద్దామన్నాను కదమ్మా."

వార్డుకొచ్చింది. దర్జీ వేళ్ళు దుప్పటి అంచున ఊడిన కుట్టు తడుముతున్నాయి.

"ఏమన్నారు తల్లీ?"

అడుగుతూనే ఉన్నాను, వదలను అని చెప్పబోయింది. నోరు తెరిచింది. మెత్తటి మగగొంతు వచ్చింది.

"చూద్దాం."

పక్కమంచం దగ్గర నర్సు సారొచ్చారనుకుని చటుక్కున లేచి గుమ్మంవైపు చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. అక్క తన గొంతు పట్టుకుంది. పెదాలు మూసే ఉన్నాయి, వేళ్ళ కింద మాత్రం ఏదో కదులుతూనే ఉంది. దర్జీ ఆమె నోటివైపే కాసేపు చూసి, గోడవైపు తిరిగిపోయాడు.

పొద్దు వాలకముందే దర్జీ మంచం మీద దుప్పటి మార్చారు. మధ్యాహ్నం పెట్టిన కంచం మూత కూడా తీయలేదు.

ఆమె మెడలోంచి బ్యాడ్జీ తీసి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టింది. ఆయన మొదటిసారి తలెత్తాడు.

"ఇంత కష్టంగా ఉంటే నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"మీతోనే చెప్పాను సార్. అందుకే ఆయన పోయాడు."